జీపెక్కిన మొక్కు

డబ్బిచ్చి మరీ ఒళ్ళు హూనం చేయించుకునే మనుషులుంటారని మా చెల్లెలు ఫోను చేసేదాకా మా అమ్మకు తెలియదు. చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. మొన్న డిసెంబరు సెలవులకు మొగుణ్ణీ పిల్లల్నీ వెంటేసుకుని మెక్సికో దేశంలో కాన్‌కూన్ అనే సముద్రపు ఊరికి వెళ్ళింది. అక్కడ సముద్రం చాలక, అడవిలోకి బగ్గీలెక్కి పోయారట. బగ్గీ అంటే మీరనుకునే గుర్రబ్బగ్గీ కాదండోయ్! తలుపుల్లేవు, అద్దాల్లేవు. పైన ఇనప గొట్టాల చట్రం, కింద నాలుగు బండ చక్రాలు. తలకు హెల్మెట్లు, కళ్ళకు అద్దాలు, మూతికి రుమాళ్ళు కట్టి, "ఏమైనా జరిగితే మాదే పూచీ" అని కాగితం మీద సంతకాలు పెట్టించుకుని మరీ ఎక్కించారట. ముందు గైడు బండి, వెనక చీమల బారులా బగ్గీలు. గుంట కనపడితే తప్పించుకుపోవడం కాదు, ఏరికోరి అందులోకే దింపడం! మధ్యలో సెనోటె అని, నేల కుంగి దానంతటదే ఏర్పడిన నీళ్ళ బావి ఒకటి చూపించి, ఒంటి మీది దుమ్ము అందులో వదిలించి, తిరిగి దుమ్ములోనే వెనక్కి తెచ్చారట.

ఇదంతా మా చెల్లెలు వీడియోలో చూపిస్తుంటే అమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"దీనికి డబ్బులు కూడా ఇచ్చారంటే?"

"ఇచ్చామే అమ్మా. మనిషికి వంద డాలర్ల పైనే."

"అయ్యో రాత! మన ఊళ్ళమ్మట పొలాల డొంకల్లో ట్రాక్టరెక్కిస్తే ఊరికే ఎగిరేవాళ్ళుగా!"

మా మరిదికి బండ్ల చరిత్రంటే ప్రాణం. వాళ్ళావిడ చేతిలోంచి ఫోను లాక్కుని, 1964లో బ్రూస్ మేయర్స్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు భాగాల మీద ఫైబర్ తొడుగు వేసి, సముద్రపు ఇసకదిబ్బల మీద తిప్పుకోవడానికి ఒక బండి చేశాడనీ, ఈ సరదాబండ్లన్నీ దాని పిల్లలూ మనవలేననీ చెప్పుకొచ్చాడు. అమ్మ అదేమీ వినిపించుకోలేదు. వీడియోలో మా చెల్లెలు పెద్దగా కేకేసి నవ్విన చోటు దగ్గర ఆపి, మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశారు. మూడోసారి కూడా వేయించుకుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మజ్జిగ పోసుకుంటూ, "శ్రీశైలంలో ఇష్టకామేశ్వరికి నాకో మొక్కుంది" అంది, ఉప్పందుకోమన్నంత మామూలుగా.

అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇష్టకామేశ్వరి గుడి సంగతి మీలో వెళ్ళినవాళ్ళకు తెలిసే ఉంటుంది. వెళ్ళనివాళ్ళ కోసం చెబుతాను. శ్రీశైలం నుంచి డోర్నాల వైపు తారురోడ్డు మీద కొంతదూరం వచ్చి, నల్లమల అడవిలోకి తిరగాలి. మొత్తం 20 కిలోమీటర్లు పైచిలుకు. అందులో దాదాపు సగం దారని పిలవడానికి వీల్లేని దారి. మన కార్లు పోవు. అటవీశాఖ అనుమతి ఉన్న జీపులే పోవాలి. అవీ రోజుకిన్ని అనీ, జీపుకిందరనీ లెక్క. ఆ అమ్మవారి నుదుట మన చేత్తో మనమే బొట్టు పెట్టి, మనసులో కోరిక చెప్పుకుంటే తీరుతుందని నమ్మకం. ఆ జీపు ప్రయాణం గురించి మాత్రం నమ్మకాలేమీ లేవు, అన్నీ అనుభవాలే! వెళ్ళొచ్చినవాళ్ళు ముందు దేవి మహిమ చెబుతారు, ఆనక నడుం పట్టుకుని మిగతాది చెబుతారు.

"నీకు డెబ్భై నాలుగేళ్ళమ్మా. మోకాళ్ళు చూస్తే అట్టా ఉన్నాయి" అన్నాడు అన్నయ్య.

"మొక్కురా" అంది అమ్మ.

"ఎప్పుడు మొక్కావు? దేనికి మొక్కావు?"

"మొక్కు బయటికి చెప్పకూడదు."

ఇక అన్నయ్య దగ్గర మాట లేదు. మాదీ మీదీ అనేముంది, మన ఇళ్ళన్నింట్లోనూ ఉన్నదే. ఆడది ఊరు కదలాలంటే పెళ్ళో, పురుడో, పరామర్శో కావాలి. అవేవీ లేనప్పుడు మొక్కు కావాలి. "నాకు సరదాగా ఉంది, పోయొస్తాను" అన్న ఆడదానికి మా పల్నాట్లో ఏ కాలంలోనూ బండి కట్టలేదు. "మొక్కుంది" అంటే మాత్రం ఎంత పొగరుబోతు మొగుడైనా ఎడ్లకు మేత వేసేవాడు. మా నాయనమ్మ ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళేది. త్రికోటేశ్వరుడి మీద ఆవిడ భక్తిని నేను శంకించను. కానీ ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే ప్రభలు చూసి, రంగులరాట్నం ఎక్కి, మోచేతుల దాకా గాజులు తొడిగించుకుని, చెరుకుగడతో ఇల్లు చేరిన మనిషి ముఖంలో ఉండేది కేవలం భక్తేనా? ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఏడాదికి ఒక్కరోజు ఆవిడకు సెలవిచ్చింది కోటయ్యసామి ఒక్కడే. మగవాళ్ళకు సంత, పేట, కోర్టు, కోడిపందెం, సినిమా రెండో ఆట అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళ ఉబలాటాలన్నీ దేవుళ్ళే మోశారు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి బయల్దేరాం. అమ్మా, వదినా, నేనూ, మావారూ. అన్నయ్య ఎరువుల కొట్టు వదిలి రాలేనన్నాడు. వదిన రావడం కూడా అమ్మ పనే. "నాకు రాత్రిపూట తోడు కావాలి" అంది. మూడు దశాబ్దాలుగా ఆ ఇంట్లో వంటగది దాటని వదినకు ఆ ఒక్కమాటతో సెలవు దొరికింది. ఖర్చంతా అమ్మదే. పెళ్ళినాడు పసుపుకుంకుమ కింద పుట్టింటివారిచ్చిన ఎకరం చేను మాచర్ల దగ్గరుంది. ఆ కౌలు డబ్బు అమ్మ పెట్టెలోంచి బయటికి రావడం నేను చూసింది చాలా తక్కువసార్లు. ప్రతిసారీ ఎవరిదో ఒకరి ఫీజుకో, ఆసుపత్రికో వచ్చేది.

నరసరావుపేట నుంచి వినుకొండ, త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం, డోర్నాల. శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకమేనని బి.ఏ.లో చరిత్ర చదివిన పుణ్యాన నేను కారులో ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. వదిన నిద్రపోయింది. డోర్నాల దాటి ఘాటు రోడ్డెక్కితే ఇక పులుల రాజ్యం. 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చిన అడవి ఇది. 2014లో రాష్ట్రం రెండయ్యాక అడవీ రెండై, కృష్ణకు అవతలిది అమ్రాబాద్ అయింది. అడ్డుగీత వేసిన సంగతి పులులకెవరు చెప్పాలో! రాత్రి 9 గంటలకు డోర్నాల గేటు మూసేస్తారు. రాత్రంతా రోడ్డు వాటిది, పగలు మనది. ఇది నాకు నచ్చిన ఒప్పందం. ఇష్టకామేశ్వరి దారిని కూడా ఈమధ్య ఏళ్ళలో వానాకాలంలో, పులులు జతకట్టే రోజులని, మూసేస్తున్నారు.

మర్నాడు తెల్లవారుజామునే జీపు దగ్గరికి వెళ్ళాం. చెప్పొద్దూ, నా నవలల్లో ఎంతోమంది నాయకులకు జీపులిచ్చాను. ఇన్‌స్పెక్టరయితే జీపు, ఇంజనీరయితే జీపు, ఎస్టేటు యజమానయితే రెండు జీపులు. నాయిక దుమ్ములో నిలబడి ఆ జీపు వెళ్ళిపోవడం చూసేది. నేను మాత్రం జీపెక్కడం అదే మొదలు.

డ్రైవరు ముప్ఫయ్యేళ్ళ కుర్రాడు. మమ్మల్నందర్నీ ఒకసారి ఎగాదిగా చూశాడు. "నడుం నొప్పులోళ్ళు, గుండె ఆపరేషనైనోళ్ళు, కడుపుతో ఉన్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఇక్కడే చెప్పండమ్మా. లోపలికి పోయినాక దింపేదానికి బస్టాండు లేదు" అన్నాడు.

"నాకు మోకాళ్ళ నొప్పులు నాయనా" అంది అమ్మ, సంతలో బేరం చెడిపోతుందేమోనన్నంత భయంగా.

"మోకాళ్ళతో పని లేదు అవ్వా. అక్కడ అంతా నడుముదే పని. జీపు దిగినాక మాత్రం కాస్త నడవాల."

అమ్మ ముఖం విప్పారింది.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆ కుర్రాడే చెప్పాడు. బరువున్నవాళ్ళు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ కూర్చోవాలట. అక్కడ కుదుపు తక్కువ. వెనక చక్రాల మీదా, వాటికి వెనకా కూర్చున్నవాళ్ళు సీసాలో గోళీకాయల్లా ఎగురుతారట. అందరూ ఏకగ్రీవంగా నా వైపు చూశారు. సరే, నడుమ కూర్చున్నాను. మావారు సన్నగా ఉన్న పాపానికి వెనక్కి పోయారు. వదిన నా పక్కన. ముందు సీటు మావారికిద్దామని నేను నోరు తెరిచేలోపే అమ్మ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కడ్డీ పట్టుకుని, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. మోకాళ్ళ నొప్పులు ఆ క్షణంలో ఏ దేశం వెళ్ళాయో!

తారురోడ్డు అయిపోయింది. కుర్రాడు బండి ఆపి, గేరు పక్కనున్న రెండో కర్ర లాగాడు. అప్పటిదాకా వెనక చక్రాలే లాగుతాయట. ఇప్పుడు ముందువీ వెనకవీ నాలుగూ కలిసి లాగుతాయట. వేగం తగ్గి బలం పెరుగుతుంది. "ఇంక మాట్లాడొద్దు. పళ్ళు బిగించి పట్టండి, నాలిక కరుసుకుంటారు. వీపు సీటుకి ఆనించొద్దు" అన్నాడు.

దారి ఎలా ఉందంటే, ఏ రాక్షసుడో బండరాళ్ళ బస్తా విప్పి కుమ్మరించి, సర్దకుండా వెళ్ళిపోయినట్టుంది. వాగు ఎండి మిగిలిన రాళ్ళు, వాటిమీద అరుగుల్లాంటి పలకలు, పలకకూ పలకకూ మధ్య మోకాటి లోతు సందు. జీపు ముందు ముక్కు ఎత్తి ఆకాశం చూపించేది, మరుక్షణం నేల చూపించేది. ఎడమ చక్రం గుంటలో, కుడి చక్రం గుట్ట మీద. చేటలో మినుములు చెరిగినట్టు మమ్మల్నందర్నీ చెరిగింది. మామూలుగా తాలు గింజలే చేట ముందుకొస్తాయి. ఇక్కడ తాలూ గట్టీ తేడా లేదు. వదిన జార్జెట్ చీర కొంగు వెదురుపొదకు చిక్కుకుని, "అమ్మో, ఎవరో లాగుతున్నారు!" అని ఆవిడ వేసిన కేకకు ఎక్కడో నెమళ్ళు అరిచాయి. అన్నట్టు, మీరెప్పుడైనా వెళితే నేతచీర కట్టుకోండి, కొంగు నడుముకు బిగించండి. కొప్పు వదులుగా వేయకండి. తెల్లారి ఇడ్లీ రెండుకి మించకండి.

ఒకచోట ఇక బండి పోదు, దిగి నడవాల్సిందే అనుకున్నాం. నిలువెత్తు బండ అడ్డంగా ఉంది. కుర్రాడు ముందు తాను దిగి చూసొచ్చాడు. మళ్ళీ ఎక్కి, చక్రాన్ని అరచేతులతో మెత్తగా పట్టుకున్నాడు. బొటనవేళ్ళు మాత్రం చక్రం లోపలికి చుట్టలేదు, పైనే ఉంచాడు. ముందు టైరు రాయికి తగిలితే చేతిలోని చక్రం గిర్రున వెనక్కి తిరుగుతుంది, లోపల బొటనవేలుంటే విరిగిపోతుందని తర్వాత చెప్పాడు. అంగుళం అంగుళం చొప్పున, పసిపిల్లను మెట్లెక్కించినట్టు ఆ జీపును బండ ఎక్కించి అవతల దింపాడు. నేనెన్నో గొప్ప వేళ్ళు చూశాను, వీణ మీద, మగ్గం మీద, కుమ్మరి సారె మీద. ఆ కుర్రాడి వేళ్ళను కూడా వాటి సరసనే లెక్కపెట్టుకున్నాను.

బండ దిగిన అదురుకు అమ్మ సీటులోంచి జానెడు పైకెగిరి మళ్ళీ కూలబడింది. నా గుండె ఆగింది. ముందు నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపనుకున్నాను. కాదు, నవ్వు. నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వు. నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఆయన ఉన్నప్పుడు మాత్రం అమ్మ ఇంత గొంతుతో నవ్వడం విన్నానా అని ఆలోచిస్తే, నాకేమీ గుర్తుకు రాలేదు.

"అవ్వా, బాగుందా?" అన్నాడు కుర్రాడు.

"నువ్వు మాట్లాడకు నాయనా, తోలు" అంది అమ్మ.

గంటకు పైగా పట్టింది. జీపు ఆగిన చోట చెంచుల గుడిసెలు కొన్ని. అక్కడి నుంచి కాలిబాట. చెంచులకు మల్లన్న అల్లుడు. వాళ్ళ పిల్లను చేసుకుని చెంచు మల్లయ్య అయ్యాడని చెప్పుకుంటారు. మేము నానా తంటాలు పడి వచ్చిన దారిలో ఒక చెంచు ముసలమ్మ ఉత్త కాళ్ళతో, నెత్తిన కట్టెల మోపుతో, మా కంటే ముందే దిగిపోయింది. సాహసం అనే మాట ఎవరి కాళ్ళకు వర్తిస్తుందో మీరే చెప్పండి. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, ఆగి ఆగి నడిచింది.

గుడి అంటే గోపురం, గంట అనుకోకండి. వంగి, దాదాపు మోకాళ్ళ మీద దూరవలసిన చిన్న గూడు. లోపల దీపం వెలుగులో అమ్మవారు. నాలుగు చేతులు. రెండు చేతుల్లో తామర మొగ్గలు, ఒక చేత రుద్రాక్షమాల, మరొక చేత శివలింగం. పార్వతి రూపమే అయినా తపస్సులో ఉన్న మనిషిలా కళ్ళు మూసుకుని ఉంటుంది. ఒక్కొక్కరే వెళ్ళి నుదుట బొట్టు పెట్టాలి. ఆ నుదురు రాయిలా ఉండదు, మనిషి నుదురులా మెత్తగా తగులుతుందని అందరూ చెప్పే మాట. నా వేలికీ మెత్తగానే తగిలింది. ఎన్నో ఏళ్ళ కుంకుమా నూనే పేరుకుని అలా ఉంటుందని మావారు బయటికొచ్చాక అన్నారు. కావచ్చు. మా అత్తగారి నుదుట చివరిసారి బొట్టు పెట్టినప్పుడు నా వేలికి తగిలింది మాత్రం రాయే. మెత్తదనం గురించి ఇంతకంటే నేనేమీ చెప్పలేను.

అమ్మ లోపల ఎంతోసేపు ఉండలేదు. బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి, వచ్చేసింది. బయట బండ మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటుంటే అడిగాను.

"ఏం కోరుకున్నావే అమ్మా?"

"కోరుకునేదేముంది? జీపెక్కాగా!"

నేను మాట్లాడలేదు. కాసేపాగి తనే చెప్పింది. 1962లో మాట. నాగార్జునసాగరం కడుతున్న రోజులు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసింది మొదలు, 1967లో కాలవలకు నీళ్ళు వదిలిందాకా మాచర్ల రూపమే మారిపోయింది. గుంటూరు నుంచి మీటరు గేజి రైలు తెచ్చిన సామానూ, మనుషులూ, లారీల దుమ్మూ. తాతయ్యకు బియ్యం కొట్టు. ప్రాజెక్టు క్యాంపుకు సరుకు వేసేవాడు. ఒక ఆదివారం క్యాంపు గుమాస్తా జీపు తెచ్చి, "పిల్లలకు ఆనకట్ట పని చూపిస్తాను, రండి" అన్నాడట. మా మేనమామలు ముగ్గురూ ఎక్కారు. పదకొండేళ్ళ అమ్మ కూడా ఎక్కి కూర్చుంది. అమ్మమ్మ వచ్చి రెక్క పట్టుకుని దింపిందట. "ఆడపిల్లవి, ఆ ఎగురుడు నీకెందుకు? తర్వాత చూద్దాంలే."

"సాయంత్రానికి వచ్చారు ముగ్గురూ. ఒళ్ళంతా దుమ్ము. రాళ్ళ మీద జీపు ఎట్టా ఎగిరిందో, ఆనకట్ట పని ఎట్టా జరుగుతోందో, మాచర్లంతా వినబడేట్టు చెప్పారు. వాళ్ళ చొక్కాలు ఉతికింది నేనే" అంది అమ్మ.

"తర్వాతెప్పుడూ అడగలేదా?"

"ఏమని అడగను? జీపెక్కాలని ఉందనా? మీ నాన్నతో అన్నానా, నవ్వుతాడు. మీ అన్నయ్యతో అన్నానా, డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు. మొన్న చిన్నది అట్టా కేకలేసి నవ్వుతుంటే, ఇంక ఆగబుద్ధి కాలేదే."

"అయితే మొక్కు?"

"మొక్కకుండా ఉన్నానా? ఇట్టా రావాలనే మొక్కుకున్నా." ఇంతలో వదిన బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ ఏం కోరుకుందో మేమడగలేదు.

తిరుగు ప్రయాణంలో అదే దారి, అవే బండలు. ఎక్కిన బండలు ఇప్పుడు దిగాలి, దిగినవి ఎక్కాలి. అమ్మ మళ్ళీ ముందు సీట్లోనే. ఈసారి ఏ రాయి ముందు కుర్రాడు రెండో కర్ర మీద చెయ్యి వేస్తాడో అమ్మకే ముందు తెలిసిపోతోంది. దిగేటప్పుడు అతని చేతిలో నోటు పెట్టి, "ఈ విద్య ఎవరు నేర్పారు నాయనా?" అని అడిగింది. "మా నాయనవ్వా" అన్నాడు. "మీ చెల్లెలికి కూడా నేర్పాడా?" అంది. కుర్రాడు నవ్వి, తల గోక్కున్నాడు.

సాయంత్రం సత్రం గదిలో ముగ్గురం వరసగా పడుకుని ఉన్నాం. మావారు బయట వరండాలో నడుముకు వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటున్నారు. అమ్మ మోకాళ్ళకు నేను నూనె రాస్తుంటే అన్నయ్య ఫోను.

"ఎట్టా ఉంది నడుం? దెబ్బలేం తగల్లేదుగా? పోనీలే, మొక్కు తీరిపోయింది. ఇంక ఇంటిపట్టున కూర్చో."

"ఎక్కడ తీరిందిరా? మూడుసార్లు వస్తానని మొక్కుకున్నా. ఇంకా రెండున్నాయి. వానల్లో దారి మూస్తారంట, ఆ లోపల ఒకటి కానిస్తా."

అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదు. వదిన మంచం మీద అటు తిరిగి పడుకున్నదల్లా, ఫోనుకు వినపడకుండా మెల్లిగా అంది:

"అత్తయ్యా, ఈసారి ముందు సీటు నాది."